పంతొమ్మిది సెకన్లు

“చచ్చిపోయిన మనిషి గొంతు వస్తోందమ్మా ఇందులోంచి! రేపు పెద్దాఫీసరు వచ్చి బటన్ నొక్కితే నా ఉద్యోగం ఏం కావాలి?” అన్నాడు మోహన్‌కృష్ణ, అంగన్‌వాడీ గోడకున్న మాటపెట్టెని అరచేత్తో చరుస్తూ.

భానుశ్రీ లాప్‌టాప్ తెరిచింది. సిగ్నల్ అందని కొండ ఊళ్లలో ఆ పెట్టెలు బిగించిన కంపెనీలో ఆమె ప్రోగ్రామరు. ఎర్ర బటన్ నొక్కి కబురు చెప్తే పెట్టెలో నిలుస్తుంది. ఎంతసేపు చెప్తున్నారో చిన్న తెర మీద సెకన్లు కనిపిస్తాయి. ఆకుపచ్చ బటన్ నొక్కితే ఆ కబురు వినిపిస్తుంది. కొత్త కబురు చెప్పగానే పాతది పోవాలి. అది పోవడం లేదు. ఈ నెలలో ఆమె బాగుచేస్తున్న పదకొండో పెట్టె ఇది. ఘాట్ రోడ్డు, జీపు, వాంతి, పెట్టె, మళ్లీ జీపు. ఏ ఊరొచ్చిందని అడగడం కూడా మానేసింది.

ఆకుపచ్చ బటన్ నొక్కింది. ముందు అంగన్‌వాడీ కనక గొంతు వచ్చింది. రేపు టీకాలు, పిల్లల్ని పది గంటలకల్లా తేవాలి అని. అది అయిందో లేదో ఓ మగగొంతు అందుకుంది.

“...ఏ బొత్తమో మర్సిపోనాను. రత్నా! ఇదెలా ఆపాలే? సర్లే, నువ్వొచ్చి ఆపీవరకూ ఇలాగే మాటాడతానే ఉంటాను.”

తర్వాత ఏదో కూనిరాగం, పరిగెత్తుకొచ్చిన అడుగులు, ఆడమనిషి నవ్వు, టక్కుమని చప్పుడు.

“గాసి గొంతది. జీపు తోలీవోడు,” అంది పక్కనే నిలబడ్డ కనక. “మొన్న వానల్లో జొరమొచ్చి పోనాడు.”

“ఊళ్లోవాళ్లు భయపడుతున్నారా?” అని అడిగింది భానుశ్రీ.

“బయమేటి?” అంది కనక. నిజమే, ఊరి నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు. తనిఖీకొచ్చిన ఈ చిన్నాఫీసరు మోహన్‌కృష్ణే అదిరిపడి, కొండ దిగి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు.

తప్పు దొరకడానికి పది నిమిషాలు పట్టలేదు. పుస్తకం చదివేవాళ్లు వరస కింద వేలు పెట్టుకున్నట్టు, ఫైల్లో ఎక్కడ రాయాలో చూపించే పాయింటర్ ఒకటుంటుంది. ముందుకి జరపొచ్చు, వెనక్కి జరపొచ్చు. కొత్త కబురు వచ్చినప్పుడల్లా ప్రోగ్రాం దాన్ని మొదటికి తెచ్చి అక్కణ్ణించి రాస్తోంది. అంతవరకు బాగానే ఉంది. కబురు అయిపోయిన చోట ఫైలుని తెగ్గొట్టడం మాత్రం మరిచిపోయింది. అందుకని చిన్న కబురు వచ్చి పెద్ద కబురు తల మీద కూర్చుంటోంది, కింద మిగతా ఒళ్లంతా అలాగే ఉంటోంది. ఇంతకీ ఆ ప్రోగ్రాం రాసిన మహాతల్లి భానుశ్రీయే. ఆ సంగతి మోహన్‌కృష్ణకి చెప్పక్కర్లేదనుకుంది.

ఏ కబురు ఎంతసేపు చెప్పారో ఆ జాబితా కూడా తెర మీదికి వచ్చింది. రెండు నిమిషాల దాకా మాట్లాడొచ్చు. ఆగస్టు తర్వాత ఒక్కరూ పంతొమ్మిది సెకన్లు దాటలేదు. సంత కబురు పదహారు, పెళ్లి పిలుపు పంతొమ్మిది, ఇవాళ్టి టీకాల కబురూ పంతొమ్మిదే. ఒక్క కబురుని మూడు ముక్కలు చేసి మూడు పూటలా చెప్పినవాళ్లూ ఉన్నారు. యంత్రం ముందు బిడియం కాబోలు అనుకుంది భానుశ్రీ.

“మేడమ్, రత్న వచ్చినాక సేత్తే బాగుంటాది,” అంది కనక మెల్లగా. “గాసి పెళ్లాం. మిరియాలు కొయ్యడానికెల్లింది. బేగి వచ్చేత్తాది.”

“ఆవిడేమన్నా ఇంజినీరా?” అన్నాడు మోహన్‌కృష్ణ. “జీపు పోయిందంటే ఈ కొండ మీదే పడుండాలి. కానివ్వండమ్మా!”

కింద జీపు హారన్ కొట్టింది. దేన్ని ముట్టుకున్నా ముందు నకలు తీసి పెట్టుకోవాలన్నది భానుశ్రీ నియమం. రెండో హారన్‌కి ఆ నియమం కాస్తా గాలికి పోయింది. ప్రోగ్రాంలో ఫైలుని తెగ్గొట్టే వరస ఒక్కటి చేర్చింది. ఎర్ర బటన్ నొక్కి, పరీక్ష కోసం సెకనుకొకటి చొప్పున ఒకటి నుంచి అరవై దాకా లెక్కపెట్టింది. మధ్యలో కనక చెయ్యెత్తబోయి, ఆఫీసరు మొహం చూసి దించేసింది.

ఆకుపచ్చ బటన్ నొక్కితే అరవై అంకెలు వినిపించాయి. తర్వాత చప్పుడు లేదు.

“శభాష్!” అని మోహన్‌కృష్ణ కాగితం మీద సంతకం గీకి, జీపుని ఆపడానికి పరిగెత్తాడు.

భానుశ్రీ లాప్‌టాప్ మూస్తుండగా నెత్తిన గంపతో రత్న వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. గంప దించి, చేతులు చీరకి తుడుచుకుని, రోజూ చేసే పనిలాగే ఆకుపచ్చ బటన్ నొక్కి గోడవార కూర్చుంది. ఒకటి, రెండు, మూడు అంటూ మొదలైంది పెట్టె. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. పంతొమ్మిది దగ్గర కాస్త ముందుకి వంగింది. ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు. అరవై దాకా విని, లేచి మళ్లీ నొక్కింది. మళ్లీ అరవై దాకా వింది.

“ఆయన రాలేదేటమ్మా?” అని అడిగింది.

భానుశ్రీ లాప్‌టాప్ తెరిచింది. పాయింటర్‌ని ఇరవయ్యో సెకను దగ్గరికి తీసుకెళ్లింది. చివరికంటా తోసింది. వెనక్కి లాగింది. మళ్లీ ముందుకి. ఎక్కడ ఆపినా తన గొంతే, అంకెలు చదువుతోంది. వేళ్లు వాటంతటవే కదులుతున్నాయి. ఏడుపు రాలేదు, భయం వేయలేదు, లోపల ఏమీ లేనట్టుంది. కింద జీపు మూడోసారి హారన్ కొట్టింది.

“నాకెవరూ చెప్పలేదే,” అంది చివరికి, కనక వైపు తిరిగి.

కనక పెట్టెనే చూస్తోంది. “వానల్లోనే తెలిసిందమ్మా, మనం ఎంత మాటాడితే ఆడు అంత తగ్గిపోతన్నాడని. అందుకే ఊరంతా పంతొమ్మిదికి ఆపేత్తన్నాం.”