దిద్దిన వరుస

తెల్లారేసరికి ఆసుపత్రికి జాబితా పంపాలి. ఒక్కో రోగి వివరాల లోపల ఇంకో చిన్న పట్టిక, దాంట్లో ప్రమాదస్థాయి. ఆ అంకెను బట్టి, ప్రాణం మీదికొచ్చినవాళ్ళు పైకి రావాలి. ఆఫీసులో ఆమె ఒక్కతే.

ఆ వరుస పెట్టే పీహెచ్‌పీ ప్రోగ్రాములో, ఇద్దరిలో ఎవరు ముందో పోల్చే వాక్యం రాసేటప్పుడు ముందుది వెనక్కీ, వెనకది ముందుకీ పెట్టేయడం ఆమెకు పాత అలవాటు. "మళ్ళీ తిరగేశావా తల్లీ" అంటూ దిద్దేవారు, పని నేర్పిన గురువుగారు. ఆయన పోయి నెలైంది.

మంచినీళ్ళు తాగుతుంటే గుర్తొచ్చింది, ఇవాళా తిరగేసే రాసింది. నాలిక్కరుచుకుని వచ్చి చూస్తే, ఆ వాక్యం అప్పటికే సరిగ్గా ఉంది.

ఆఫీసంతా ఒకసారి కలయజూసింది, ఎవరూ లేరు. తర్వాత కావాలనే మళ్ళీ తిరగేసి, స్క్రీన్‌కు వీపు పెట్టి నిలబడింది.

"మళ్ళీ తప్పు రాశాను గురువుగారూ" అంది మెల్లగా.

వెనక కీబోర్డు మీద మీటలు ఒక్కొక్కటిగా పడసాగాయి. ఆయనెప్పుడూ ఒంటివేలితోనే కొట్టేవారు.