అందనంత అంచనా

"నలభై లక్షలంటే ఆ మహానుభావుడి పేరుకే చిన్నతనమండీ, టీచరుగారూ," అన్నాడు వెంకట్రాజు.

పంచాయతీ ఆఫీసులో కూర్చున్న కమిటీ వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గ్రంథాలయమే వద్దని అడ్డం తిరుగుతాడనుకున్న మనిషి, అడిగింది చాలదంటున్నాడు.

మాజీ రాష్ట్రపతి ఒకాయన, బతికుండగా, వరదలొచ్చిన ఏడాది కొల్లేరు చూడటానికి వచ్చి, మండవల్లి దాటాక ఈ ఊరి రోడ్డు పక్కనే కారు దిగి బడిపిల్లలతో అరగంట మాట్లాడి వెళ్లారు. రాష్ట్రపతుల జ్ఞాపకార్థం గ్రంథాలయాలు కడితే ఢిల్లీ నిధులిస్తుందని రిటైర్డు టీచరు సువార్తమ్మ పేపర్లో చూసింది. ఆయన నిలబడ్డ చోటే కట్టాలని పట్టుబట్టింది. ఆ చోటు పంచాయతీది. ముప్ఫై ఏళ్లుగా అందులో ఉన్నది మాత్రం వెంకట్రాజు చేపల షెడ్డు. చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన చేప అక్కడే ఐసు పడి, లారీ ఎక్కి హౌరా పోతుంది. నిధులొచ్చిన నాడు షెడ్డు లేచిపోతుంది.

"వద్దని చెప్పకపోగా పెంచమన్నారటగా?" అంది భార్య కుసుమ, అన్నం వడ్డిస్తూ.

"పెద్దాయన పేరుకి అడ్డం పడ్డానంటే రేపు నాకు చేప ఎవడు తోలతాడు? సరుకు అమ్మడం ఇష్టం లేకపోతే అమ్మనని అనకు, అందనంత ధర చెప్పు అనేవాడు మా నాన్న."

అతని లెక్క అతనిది. నలభై లక్షలైతే ఎవరో ఒకరు చూడకుండానే సంతకం పెట్టేస్తారు. కోట్లయితే పది బల్లలు దాటాలి. ఎక్కడో ఒకచోట కూలబడుతుంది. అందుకని మ్యూజియం అన్నాడు, విగ్రహం అన్నాడు, పిల్లలకు కంప్యూటర్ల హాలు అన్నాడు. ప్లాను గీసిన ఇంజనీరుకు ఫీజు తనే ఇచ్చాడు. అంచనా నాలుగు కోట్లయింది. మాకు నాలుగు బల్లలు, ఫ్యాను ఉంటే చాలునని సువార్తమ్మ మొత్తుకున్నా వినలేదు. రాజుగారు ఈసారి గాలం ఢిల్లీకే వేశారని టీ కొట్టు దగ్గర నవ్వుకున్నారు.

రెండు నెలలు కబురు లేదు. షెడ్డు ఉంటుందా ఊడుతుందా, వేరే చోటు చూసుకోమంటారా అని లారీల వాళ్లు అడగసాగారు. సోమవారం సోమవారం ఏలూరు వెళ్లి జిల్లా ఆఫీసులో ఫైలు సంగతి ఆరా తీసేవాడు. ఊరి మీద ఎంత అభిమానమో అని గుమాస్తాలు కుర్చీ వేసేవారు.

మూడో నెల ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. కాదనలేదు. అంచనా సరిచూసి మళ్లీ పంపమన్నారు. వెంకట్రాజుకు భయం వేసింది. పోతాడనుకున్న బేరగాడు సరుకు తిప్పి చూస్తున్నాడు.

సువార్తమ్మకూ భయం పట్టుకుంది. "ఎక్కువడిగి చెడగొట్టుకుంటున్నామేమో రాజుగారూ. మళ్లీ నలభైకే రాద్దామండీ."

అలా రాస్తే తన పని అయిపోయినట్టే.

"ఇప్పుడు తగ్గిస్తే మన అంచనా మీద మనకే నమ్మకం లేదనుకుంటారండీ," అన్నాడు. మూడొందల మంది పట్టే సభామందిరం, వచ్చిపోయే పెద్దలకు గదులు కలిపించి, ఆరు కోట్లు చేసి పంపించాడు. ఆ తరవాత అన్నం సయించలేదు. ఐసు బండి వచ్చి నిలబడ్డా పలికేవాడు కాదు.

మార్చి ఆఖర్లో ఏలూరు ఆఫీసు నుంచి ప్రసన్నలక్ష్మి సువార్తమ్మనీ వెంకట్రాజునీ రమ్మని ఫోను చేసింది. ఆ ఫైలు చూసే అధికారి ఆవిడే. వెళ్లగానే కాగితం వెంకట్రాజు చేతిలో పెట్టింది. ఆరు కోట్లూ మంజూరు. నెలలోగా స్థలం ఖాళీ చేసి అప్పగించాలి.

సువార్తమ్మ చీరకొంగుతో కళ్లొత్తుకుని అతనికి చేతులు జోడించింది. వెంకట్రాజు కాగితం మళ్లీ మొదటినుంచి చదివాడు. ముప్ఫై ఏళ్ల షెడ్డు, దాన్ని నమ్ముకున్న పాతికమంది. ఎంత వెతుక్కున్నా ఒక్క ఓదార్పే దొరికింది: ఏం చేసినా పోయేదే పోయింది, ఇందులో తన తప్పేమీ లేదు.

"ఎంతడిగినా వచ్చేవే లెండి. ఆ నలభై లక్షలతోనే ఆగి ఉంటే ఈపాటికి పునాదులు కూడా పడేవి," అన్నాడు, నవ్వు తెచ్చుకుంటూ.

ప్రసన్నలక్ష్మి తల అడ్డంగా ఊపింది.

"ఐదు కోట్లకు తగ్గితే ఈ పథకంలో రూపాయి కూడా ఇవ్వరండీ."