జెస్సీ ఏడుపు

జక్రయ్య లేవబోయాడు. నాలుగేళ్ల మనవరాలు జెస్సీ గొంతు చించుకుంది. జక్రయ్య మళ్ళీ చాప మీద కూలబడ్డాడు.

"చూశారా మేడం?" అంది నాగజ్యోతి టీచర్. "దసరా సెలవులు కూడా దాటిపోయాయి. మిగతా పిల్లలు ఎప్పుడో అమ్మల్ని పంపేశారు. గేటు వేసేస్తే కాసేపు ఏడ్చి అదే ఊరుకుంటుంది. ఊళ్ళో బడులన్నీ చేసేది అదేగా."

గుంటూరు మిర్చి యార్డు వెనక కూలీల పిల్లల కోసం ఈ బాలబడి పెట్టిన రోజే రాజ్యం గారు ఒక నియమం పెట్టుకున్నారు. బిడ్డ తనంతట తాను 'వెళ్ళు' అనేదాకా, తీసుకొచ్చినవాళ్ళు లోపలే కూర్చోవచ్చు. తాను రాసిన పిల్లల కథల పుస్తకాలన్నిటికన్నా ఆవిడకు ఈ నియమమే ముద్దు. ఇప్పుడు దానికే ఎసరొచ్చింది. ఇవాళ కూడా జెస్సీ తాతను పంపకపోతే రేపటినుంచి అందరికీ గేటు మూసేద్దామని నాగజ్యోతి పోరు పడలేక ఒప్పుకున్నారు. ఒప్పుకున్నందుకు పొద్దుటినుంచీ తనను తానే తిట్టుకుంటున్నారు.

"నాకు మాత్రం సిగ్గుగా లేదా అమ్మా," అన్నాడు జక్రయ్య, బస్తాలు మోసి వంగిన నడుం సర్దుకుంటూ. "ఇంత మనిషిని పిల్లల మధ్య కూర్చుంటే యార్డులో అందరూ నవ్వుతున్నారు. ఇది ఆటలో పడ్డప్పుడు చల్లగా జారుకుంటాలే."

"వద్దు జక్రయ్య గారూ," అన్నారు రాజ్యం గారు. "ఒకసారి మోసపోయిందంటే ఇక మనల్ని నమ్మదు."

విచిత్రమేమిటంటే, తాత కూర్చున్నంతసేపూ జెస్సీ ఆయన వంకైనా చూడదు. బంకమట్టితో ఇడ్లీలు చేసి అందరికీ వడ్డిస్తుంది, తినని వాళ్ళను గదమాయిస్తుంది. ఆయన కదిలితేనే రాగం.

ఇళ్ళకు వెళ్ళే ముందు రాజ్యం గారు రోజూలాగే కథ చెప్పారు. మిరప కల్లంలో దూరి తుమ్ములు ఆపుకోలేకపోయిన ఏనుగు కథ. పిల్లలు పడీపడీ నవ్వారు. జక్రయ్య కూడా నవ్వబోయి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

బడి వదిలారు. జక్రయ్య చెప్పులు వేసుకోవడానికి బయటికి నడిచాడు. రాజ్యం గారు జెస్సీని ఒళ్ళోకి తీసుకున్నారు.

"రేపటినుంచి తాతను లోపలికి రానివ్వరంటమ్మా. మేమంటే భయమా నీకు?"

జెస్సీ తల అడ్డంగా ఊపింది.

"తాత కనబడకపోతే బెంగా?"

అదీ కాదంది.

"మరెందుకు తల్లీ ఆ ఏడుపు?"

తాత వినేంత దగ్గర్లో లేడని చూసుకుని, జెస్సీ ఆవిడ చెవిలో చెప్పింది.

"నేను ఏడవకపోతే తాతకి కథ ఎవరు చెప్తారు?"