అరవై ఆరో తల

అధ్యక్షుడు సభతో పనిలేకుండా చట్టాలు చేసుకోవచ్చనే బిల్లు ఓటుకొచ్చింది. మా పక్షమంతా లేచి బయటికి నడిచింది.

“లే మామా, ఎందుకంటే...” అంది తోటి సభ్యురాలు సతుర్నినా.

“గని కూలినప్పుడే పారిపోలేదు నేను. సమ్మెలు చేసినోడికి నువ్వు నేర్పకు. కూర్చునే కాదంటా.”

పేరు పిలవగానే గోడలదిరేలా “కాదు” అన్నాను. అలా అన్నది నేనొక్కడినే. బిల్లు నెగ్గింది. అయినా తలెత్తుకునే లేచాను.

మంత్రి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. “మీ మేలు మరువం, సిరియాకో గారూ. ఓటు చెల్లాలంటే సభలో అరవై ఆరుగురుండాలి. మావాళ్లు అరవై అయిదుగురే.”

బయట మెట్ల మీద సతుర్నినా నాకోసం ఆగి ఉంది. ఎప్పటిలాగే, గనుల్లో మేం నమిలే కోకా ఆకుల సంచి నా ముందుకు చాపింది. ఆ ఆకును రెండు చేతులా అందుకోవడం మా మర్యాద.

నా చేతులు లేవలేదు.