పంటి నొప్పి వంక

బుగ్గలో దూది కుక్కుకుని, తలగుడ్డ కళ్ళదాకా లాక్కుని, ఉమ్ లైత్ మానసిక వైద్యురాలి గది బయట ముడుచుకు కూర్చుంది. తెలిసినవాళ్ళు కనిపిస్తే పై అంతస్తులోని పళ్ళ డాక్టరు కోసం వచ్చానని చెప్పాలి. ఆ అబద్ధాన్ని పొద్దుటి నుంచి అద్దం ముందు ఏడుసార్లు సాధన చేసింది.

కొడుకు లైత్ రెండు నెలలుగా సరిగా తినడం లేదు. "అమ్మా, ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించే డాక్టరమ్మ ఉంది. ముందు నిన్నే రమ్మంది" అన్నాడు. అంతే. కూర మాడితే మేడంతా అంటుకుందని ఇరుగుపొరుగు తలుపులన్నీ బాదే మనిషి ఆమె. కొడుక్కి మతి పోయిందని తేల్చేసుకుంది. పెళ్ళికి ఇంకా మూడు వారాలే ఉన్నాయి. కాబోయే కోడలు దీమా వాళ్ళకి తెలిస్తే సంబంధం తెంచేస్తారు.

వీధి తలుపు తెరుచుకుంది. వచ్చింది దీమా, యజన్‌ల తల్లి ఉమ్ యజన్! ఆమె బుగ్గా ఉబ్బే ఉంది.

"మీరా వదినా! ఇక్కడేంటి?" అంది ఉమ్ లైత్.

"పన్ను. మీకో?"

"నాకూ పన్నే."

"పళ్ళ డాక్టరు పైన కదా?"

"మెట్లెక్కలేక ఆగాను. ఎడమ పక్క ఒకటే పోటు."

"దూది కుడి పక్కన పెట్టారే!"

ఉమ్ లైత్ గతుక్కుమంది, దూది గొంతుకడ్డం పడింది. ఉమ్ యజన్ గబగబా ఆమె వీపు చరిచింది. ఆ కంగారులో తన నోట్లో దూదీ జారి ఒళ్ళో పడింది. ఉబ్బిన బుగ్గ మామూలుగా అయిపోయింది.

"మా దీమా ఊరికే ఏడుస్తోంది వదినా. నన్ను ఈ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళమంది. మీకు తెలిస్తే పెళ్ళి ఆపేస్తారని..."

"అయ్యో! వల్లాహి, దేవుడి మీద ఒట్టు, నేనూ అదే భయంతో చస్తున్నా. మావాడు ముద్ద ముట్టడం లేదు."

"ఎప్పటినుంచి?"

"పెళ్ళి విందుకి మూడువందల మంది చాలని నేనంటే, ఆరువందలకి తగ్గనని మీరు మంకుపట్టు పట్టారే, అప్పటినుంచి."

"బాగుంది! విందులో పెరుగు మాంసం, అన్నం, ఆ మన్సఫ్ అంతా మా పద్ధతిలో వండిద్దామన్నందుకు మీరు నా మొహాన ఫోన్ పెట్టేశారు. ఆ రోజు నుంచే మా పిల్లకి ఏడుపు."

"మీ ఎండు పెరుగు పులుపు ఊరందరికీ తెలుసు!"

"మీ అన్నం ముద్దవుతుందనీ తెలుసు!"

గొంతులు వీధిదాకా వెళ్ళాయి. లోపలి తలుపు తీసుకుని వైద్యురాలు వచ్చి, గుమ్మంలో నిలబడి కాసేపు విన్నది.

ఉమ్ లైత్ తడబడుతూ లేచింది. "మా అబ్బాయికి నయమవుతుందా అమ్మా? ముందు నేను రానా?"

"నేను రానా?" అంది ఉమ్ యజన్.

"కలిసే రండి, పిల్లలు వైద్యం అడిగింది మీ ఇద్దరికే."