గుమ్మంలో గీతలు

"మీ అత్తకి గీత పెట్టను గాక పెట్టను," అంది సెంగా, పెన్సిల్ చెవి వెనక దోపుకుంటూ.

"ఎందుకు పెట్టవు? టికెట్ కొనుక్కునేగా వచ్చింది!" మోర్వెన్ గయ్యిమంది.

"ఆవిడ ముక్కు చూడు. అచ్చం నీ ముక్కే. చుట్టాల్ని పోగేసి జనం వచ్చారంటే ఎలా తల్లీ?"

ఆ మాట మోర్వెన్‌కి చురుక్కున తగిలింది.

గ్లాస్గోలో ఆ నేలమాళిగ హాలుకి ఉన్నది ఒకటే గుమ్మం. ఆ గుమ్మంలో ఎత్తు స్టూలు మీద సెంగా ఇరవై ఏళ్లుగా కూర్చుంటోంది. టికెట్ చింపి, ప్రతివాణ్ణీ ఒకటే అడుగుతుంది: "ఎవరి కోసం వచ్చావు?" చెప్పిన బ్యాండు పేరు కింద అట్ట మీద ఒక గీత. పాటలు వినదు, లోపలికి తొంగి చూడదు. ముందు వాయించే చిన్న బ్యాండుకి నలభై గీతలు పడితే వచ్చే నెల ఒక సాయంత్రం హాలంతా వాళ్లదే. పడకపోతే మళ్లీ పిలుస్తారన్న ఆశ లేదు.

ఇవాళ పెద్ద బ్యాండు పేపర్ హ్యారియర్స్. వాళ్ల గీతలు అట్ట వెనకవైపుకి కూడా పాకాయి. మోర్వెన్ పాడే చిన్న బ్యాండు టిన్ జెట్టీ కింద ముప్పై తొమ్మిది. పోయినసారి పదిహేడే. వీళ్లలో ఒక్కడూ చుట్టం కాదు. మోర్వెన్‌కి గర్వంగానూ ఉంది, ఏడుపూ వస్తోంది. ఒక్క గీత!

డ్రమ్ములు వాయించే స్ట్రూవన్ వానలో తడిసి మెట్లు దిగొచ్చాడు.

"చిప్స్ కొట్టు ముందు ఒకాయన వణుకుతున్నాడు. లోపల వెచ్చగా ఉంటుందంటే వచ్చేలా ఉన్నాడు. మన పేరు చెప్పమని నేర్పేదా?"

"వద్దు."

"పిచ్చా నీకు? ఒక్క మనిషే కదే!"

"చలికి వచ్చినవాడు మన పాటకి వచ్చినట్టా? అడుక్కున్న గీత నాకొద్దు."

"నీ పొగరు మనల్ని ముంచేస్తుంది."

"మునిగితే మునుగుదాం. ముందు ఆ ముప్పై తొమ్మిది మందికి వాయిద్దాం పద."

ఏడున్నరకి మొదలెట్టారు. మొదటి పాట సగంలోనే ముందు వరుసలో చేతులు లేచాయి. రెండో పాటకి బారు దగ్గర బీరు గ్లాసులతో కబుర్లాడుతున్నవాళ్లు ఇటు తిరిగారు. ఆఖరి పాటలో మోర్వెన్ మైకు వదిలేస్తే ఆ ముప్పై తొమ్మిది మందీ అందుకున్నారు. వాళ్లని చూసి పక్కవాళ్లు, పక్కవాళ్లని చూసి ఇంకొందరు. నలభై పడకపోతేనేం అనుకుంది మోర్వెన్. ఆ క్షణాన నిజంగానే అనుకుంది.

సామాను సర్దుకుని గుమ్మం దగ్గరికొచ్చి అట్ట చూసింది. నలభై!

"సెంగా, ఏంటిది? జాలిపడి పెట్టావా? అయితే చెరిపెయ్."

"జాలా? నాకా? ఒక్క గీత తగ్గిందని మా సొంత తమ్ముడి బ్యాండునే ఇంటికి పంపినదాన్ని."

మోర్వెన్ గిర్రున స్ట్రూవన్ వైపు తిరిగింది. "ఆ చిప్స్ కొట్టు ఆయన్ని పిలిచావు కదూ?"

"ఒట్టు, నేను పిలవలేదు!"

"వాణ్ణి అనకు," అంది సెంగా. "నువ్వు మొదటి పాట ఎత్తుకోగానే ఒకడు పరిగెత్తుకుంటూ దిగాడు. టికెట్ ఏదంటే ముందు నవ్వాడు, తర్వాత బుద్ధిగా కొన్నాడు. ఎవరి కోసమంటే టిన్ జెట్టీ అన్నాడు. మళ్లీ అడిగాను. విసుక్కున్నాడు కూడాను, పాట అయిపోతోంది, దారివ్వమ్మా అని."

"ఎవరతను? మాకు తెలిసినవాడా?"

"నాకేం తెలుసు? లోపలే ఉంటాడు, నువ్వే వెతుక్కో."

లోపల దీపాలు భగ్గున వెలిగాయి. పేపర్ హ్యారియర్స్ వేదిక ఎక్కారు. హాలు దద్దరిల్లింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి సెంగా స్టూలు మీంచి మెడ చాచి లోపలికి చూసింది. చేతిలో పెన్సిల్ జారిపోయింది.

"ఓరి దేవుడో! ఆ మైకు పట్టుకున్నాడే, వాడే!"