తలపాగా మన్ను

పాపాతి గుడియాత్తం వీధుల్లో ఉతికిన బట్టలు ఇచ్చి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. గుడిసెలో ఆడబిడ్డ మునియమ్మ నవ్వుతూ కూర్చుని ఉంది. ఆమె నవ్వి చాలా కాలమైంది.

"ఈ పొద్దు ఒకడు వచ్చినాడు పాపాతీ. 'అక్కా, నేను కృష్ణప్పను' అన్నాడు."

పాపాతి చేతిలోని మూట జారిపోయింది.

"అట్ల అదిరిపడొద్దు. కూచో, చెప్తా. నేను మళ్ళా మోసపోతానా?"

కృష్ణప్ప పాపాతి మొగుడు, మునియమ్మకు తమ్ముడు. తల్లి పోయాక ఆమే పెంచింది. ఆరేళ్ళ కిందట వేలూరు కోటలో పటాళానికి బట్టలు ఉతికేవాళ్ళను చేర్చుకుంటున్నారని పోయి, అటునుంచి అటే ఓడెక్కి బస్రా యుద్ధానికి వెళ్ళాడు. యుద్ధం ముగిసింది. కబురు మాత్రం లేదు. ఈలోగా మునియమ్మ కళ్ళకు పొర కమ్మింది. ఆ సంగతి తెలిసిన దొంగ ఒకడు, నిరుడు పాపాతి పుట్టింట్లో ఉండగా, "అక్కా" అంటూ వచ్చి మూడు పూటలు తిని ఇత్తడి బిందెతో పారిపోయాడు.

అప్పటినుంచి మునియమ్మ మనిషిని నమ్మదు. మన్నును నమ్ముతుంది.

తలపాగాకు పట్టిన నూనె జిడ్డు పోవాలంటే ఏటి బంకమన్ను తడిపి పూసి ఎండబెట్టాలి. ఆ మన్ను తమలపాకుల కట్ట లాంటిది. తడిస్తే పొరలు విచ్చుకుని జిడ్డునూ వాసననూ లోపలికి తీసుకుంటుంది. ఎండితే మూసుకుంటుంది. రాలిన పెళ్ళలను అందరూ ఏట్లో పారేస్తారు. తమ్ముడు విడిచిపోయిన తలపాగాకు పూసిన మన్నును మునియమ్మ పారెయ్యలేదు. కుండలో పోసి చూరు కింద దాచింది. గుడ్డలో వాసన నెల తిరిగేలోగా పోతుంది. మన్నులో ఏళ్ళు ఉంటుంది.

ఏడాదికి ఒక్కసారే, వాడు వెళ్ళిన రోజున, చిటికెడు తీసి తడిపి వాసన చూసుకునేది. తడిపినకొద్దీ తరిగిపోతుందని భయం. నాలుగో ఏడు ఆ వాసన మునుపటికంటే గట్టిగా వచ్చింది. "తమ్ముడు దగ్గరికొస్తా ఉండాడే!" అని మురిసిపోయింది.

"ఒక చేత్తో మన్ను తడిపి పట్టుకున్నా," అంది మునియమ్మ. "ఇంకో చేత్తో వాడి తల దగ్గరికి లాక్కున్నా. ఇదొక వాసన, అదొక వాసన! 'పో నాయనా, ఇంకో గుడ్డిదాన్ని ఎతుక్కోపో' అన్నా."

"ఏమన్నాడు వదినా?"

"ఏడ్చినాడు. 'నన్ను మూటల మీద కూచోబెట్టి గాడిద మీద ఏటికి తీసకపోతివే అక్కా' అన్నాడు. మనలో గాడిదెక్కని పిల్లోడు ఎవుడు? ఎంతకీ కదల్లేదు. 'పాపాతి ఉండాదా?' అని నీ పేరు కూడా ఎత్తినాడు. వాణ్ణి వదిలించుకోవద్దా? 'అది మారుమనువు చేసుకోని ఎప్పుడో పాయె, నీకు ఈడ ఏం పని' అన్నా. 'అట్లయితే నాకింక ఈ ఊళ్ళో ఏముండాది, మళ్ళా ఓడెక్కుతా' అని రైలుకు పోయినాడు."

"ఎప్పుడు?"

"మధ్యాన్నమే. ఈపాటికి కాట్పాడి దాటింటుంది." మునియమ్మ చేతులు చాచి మరదలి కోసం గాలిలో తడుముకుంది. "ఏమే, మెచ్చుకోవా నన్ను?"

పాపాతి చూరు కింది కుండ వైపే చూస్తూ ఉండిపోయింది.

రెండేళ్ళ కిందటి వానలో చూరు కారి కుండలోని మన్నంతా కొట్టుకుపోతే, వదిన తట్టుకోలేదని, సత్తువాచారి నుంచి వచ్చిన ఎవరో బండివాడి తలపాగాకు పూసిన మన్నును గుట్టుగా అందులో పోసింది పాపాతే.